విప్పి చూడని పెట్టె

కెంపమ్మ తుంబలహళ్లి బస్సు దిగి నేరుగా శాంత నడిపే బాడుగ డిస్కుల అంగడికే వచ్చింది. తువ్వాలులో మూటగట్టిన డీవీడీ ప్లేయరును నెత్తిన పెట్టుకుని, టమాటా బుట్ట మోసే అలవాటు కొద్దీ చెయ్యి కూడా ఆనించకుండా నడిచి వచ్చింది. బల్లమీద దించి ముడి విప్పింది. వెండి రంగు పెట్టె. కొని పదిహేను రోజులు కాలేదు. మూతమీద వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొరను కూడా ఆమె ఇంకా ఊడదీయలేదు.

"బొమ్మ రాలేదు శాంతమ్మా," అంది. "ఒక సినిమా బాగానే చూపించె. రెండోది సగంలో నిలిచిపోయె. కొన్నకాడికి ఎత్తుకపోతే, బాడుగ డిస్కు వేసినావు, అందుకే చెడింది, గ్యారంటీ లేదు పో అన్నాడు."

శాంత చేతిలో తడి డిస్కు ఉంది. సోమవారం పొద్దున ఆమెకు ఎప్పుడూ ఇదే పని. శని, ఆదివారాలు ఊళ్లు తిరిగి వచ్చిన డిస్కులను సబ్బునీళ్లలో ముంచి, భర్త పాత పంచె ముక్కతో నడిమినుంచి అంచుకు తుడిచి, ఒక్కొక్కటీ ట్యూబులైటుకు వాల్చి చూస్తుంది. గుండ్రంగా గీత పడితే యంత్రం గీసినట్టు. అడ్డంగా పడితే చేతులు గీసినట్టు. చిన్న గీతలైతే పళ్లు తోముకునే పేస్టు వేలితో రాసి పోగొడుతుంది. ఎనిమిదేళ్లుగా ఈ పనిచేస్తోంది గనుక డిస్కు చూస్తే అది ఎవరింటినుంచి వచ్చిందో కూడా సగం చెప్పగలదు.

కెంపమ్మ ప్లేయరు కొన్నది పెద్ద బజారులో గోపాలకృష్ణన్ షోరూములో. ఆయన శాంత భర్త సెల్వకుమార్‌కు సొంత మేనమామ. పోయిన నెలే ఆయన కూతురు షర్మిళకు సీమంతం చేస్తే, శాంత వెళ్లి ఆ పిల్ల చేతికి పచ్చగాజులు తొడిగి వచ్చింది. ఇంటివాళ్లే కదా, తాను ఒక మాట చెబితే అయిపోతుందనుకుంది. కెంపమ్మ తిరిగిచ్చిన డిస్కును సంచిలో వేసుకుని, షట్టరు సగం దించి, ఆమెతోపాటు బయలుదేరింది.

దీపావళికి ఇంకా మూడు వారాలున్నాయి. ఆ ఏడు సర్కారు ఇచ్చిన ఉచిత కలరు టీవీలు పల్లెపల్లెకూ వచ్చి ఉన్నాయి. టీవీ ఊరికే వచ్చిందని ప్లేయరు కొనేవాళ్లతో షోరూము నిండిపోయింది. గోపాలకృష్ణన్ గాజుబల్ల వెనక నిలబడి ఉన్నాడు. శాంతను చూసి రామ్మా అనలేదు. కెంపమ్మ పెట్టెను రెండు చేతులా తీసుకుని, చెవిదగ్గర పెట్టి ఒకసారి ఊపి, కింద పెట్టాడు. శాంత సంచిలోంచి తీసిన డిస్కును లాక్కున్నట్టు తీసుకుని పైకెత్తి పట్టాడు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వదిలేసి, అందరికీ వినబడేలా తమిళంలో అందుకున్నాడు. మిషన్లను తినేది ఇదిగో, ఇవే అన్నాడు. తిరుట్టు డిస్కులన్నాడు, దొంగ సరుకన్నాడు. ఇరవై ఇళ్ల ఎంగిలి అన్నాడు. ఇవి వేసుకున్నవాళ్లు తన అంగడి మెట్లెక్కనక్కరలేదన్నాడు.

శాంత గొంతు తగ్గించి తెలుగులోనే చెప్పింది. "మామా, అది అసలు డిస్కు. సేలంనుంచి బిల్లుతో తెచ్చినాను. నా అంగడిలో తిరుట్టుది ఒక్కటి లేదు. ముద్ర ఉంది, చూడండి."

ఆయన చూడలేదు. డిస్కును రెండు అంచులా పట్టుకుని వంచాడు. అది తమలపాకులా వంగి, టప్పుమని విరిగింది. ముక్కలు గాజుబల్లమీద, నేలమీద పడ్డాయి. ఒకటి కెంపమ్మ పాదం మీద పడింది. జనంలో ఎవరో నవ్వారు. వెనక మూలబల్ల దగ్గర కూర్చున్న మెకానిక్ ఎల్లప్పన్ తల వంచుకుని, అప్పటికే బిగించిన స్క్రూనే మళ్లీ తిప్పుతున్నాడు.

శాంత వంగి ముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకుంది. వేలు తెగితే నోట్లో పెట్టుకుని బయటికి నడిచింది. కెంపమ్మ పెట్టెను మళ్లీ మూటగట్టి వెనకే వచ్చింది.

"నీకు చుట్టమంటివే," అంది దారిలో.

"పెట్టె నా దగ్గర పెట్టు అవ్వా," అంది శాంత. "ఆదివారం రా."

సాయంత్రానికల్లా షోరూము అద్దం మీద ఎర్రరంగుతో రాసిన కాగితం వెలిసింది. బాడుగ డిస్కు వేస్తే వారంటీ లేదు. ఆ దారిన వచ్చినవాళ్లు ముగ్గురు వేరువేరుగా శాంతకు ఆ సంగతి చెప్పిపోయారు. ముగ్గురికీ ఆమె సరే అనే జవాబిచ్చింది.

సేలంలో బస్సు కంపెనీలో పనిచేసే భర్త ఫోను చేసినప్పుడు కూడా ఆమె ఈ మాట ఎత్తలేదు. ఎత్తితే మామకు ఫోను చేస్తాడు, మామ నవ్వి, పిల్ల తప్పుగా తీసుకుంది అంటాడు, పండక్కి చీర పంపుతాడు. ఆమెకు చీర అక్కరలేదు, క్షమాపణ కూడా అక్కరలేదు. పండగ ముందు ఆ అద్దాల తలుపుల వెనక ఈగలు తోలుకుంటూ నిలబడిన మామను చూడాలి. ఆయన నోటితో చేశాడు, నేనూ నోటితోనే చేస్తాను అనుకుంది.

శుక్రవారం శుక్రవారం కొత్త సినిమాల పేర్లు రాసే నల్లబల్ల ఒకటి ఆమె అంగడి బయట ఉంటుంది. మంగళవారం పొద్దున దాన్ని తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాసింది. ఏ ప్లేయరు కొనాలో ఇక్కడ అడగండి. చెప్పడానికి కాసు వద్దు.

మొదటిరోజు నలుగురు అడిగారు. మరునాడు బెంచీ నిండింది. శాంత డిస్కులు తుడుస్తూనే చెప్పేది. ఆమె మాటలో బడాయి లేదు, కూరగాయలు ఏరుకోవడం నేర్పినట్టు చెప్పేది. కొనేముందు ఎత్తి చూడండి, గుమ్మడికాయ కొన్నట్టే, బరువు లేనిదాంట్లో గుజ్జుండదు అనేది. ముందువైపు లైట్లు ఎన్ని మినుకుతున్నాయని చూడొద్దు, ట్రే బయటికి వచ్చేటప్పుడు వణుకుతుందా చూడండి అనేది. అయిదు స్పీకర్లని అట్టమీద రాసుంటే మురిసిపోవద్దు, మీ ఇంట్లో అయిదు గోడలున్నాయా అనేది. రిమోటు మీద నలభై మీటలుంటే మీరు నొక్కేది మూడే, తక్కిన ముప్పై ఏడు పాడవడానికి అనేది. ఇవన్నీ నిజాలు. ఎనిమిదేళ్లు గీతలు చదివి నేర్చుకున్న నిజాలు.

చివర్లో మాత్రం ప్రతివాళ్లకూ ఇంకో మాట కలిపేది. పెద్ద బజారులో అమ్మే ఆ వెండి రంగు పెట్టె వద్దు. మంగళవారం, దాని లెన్సు మూడు నెలలకు మించి రాదంది. బుధవారానికి అది నెలన్నర అయింది. గురువారం పాపారపట్టినుంచి వచ్చిన పెళ్లివారికి, ఇంటికి చేరేదాకా వస్తే మీ అదృష్టం అని చెప్పింది. చెప్పాక ఆమెకే కొంచెం ఆశ్చర్యమేసింది. మాట నాలుక మీదకు ఎంత సులువుగా వచ్చింది! పెళ్లివారు తల ఊపి, కృతజ్ఞతగా చెరో ముద్ద బెల్లం పెట్టిపోయారు.

శుక్రవారం కొత్త డిస్కులు వచ్చే రోజు, అంగడి ముందు జనం నిలబడే రోజు. ఎదుటి దర్జీ కాళియన్ ఇంట్లో వెండి పెట్టె ఉంటే అడిగి తెచ్చింది. తన పాత నల్ల ప్లేయరు పక్కన దాన్ని పెట్టి, రెండు టీవీలకు రెండూ తగిలించింది. ఒకే డిస్కును ముందు దీంట్లో, తర్వాత దాంట్లో వేసి చూపిస్తానంది. ఆ డిస్కును ఆమె పొద్దున గంటసేపు ఏరింది. గీతలు మరీ ఎక్కువున్నది పనికిరాదు, నల్ల ప్లేయరు కూడా ఆగిపోతుంది. అసలు లేనిది అంతకన్నా పనికిరాదు. సన్నగా, గుండ్రంగా, ఒకే ఒక్క గీత ఉన్న డిస్కు దొరికింది. పాత యంత్రం దాన్ని ఈడ్చుకుపోతుంది, చౌక యంత్రం ఎక్కడ తడబడుతుందో ఆమెకు నిమిషంతో సహా తెలుసు.

నల్ల ప్లేయరులో పాట సాఫీగా సాగింది. వెండి పెట్టెలో నాయకుడు చెయ్యి ఎత్తిన చోట ఆగిపోయాడు. మొహం చదరాలు చదరాలుగా పగిలింది. జనం ఘొల్లుమన్నారు. కాళియన్ మాత్రం నవ్వలేదు. ఇంట్లో బాగానే నడుస్తోందే అని గొణుక్కుంటూ పెట్టెను చంకన పెట్టుకుని పోయాడు. శాంత డిస్కును తీసి డిస్కుల డబ్బాలో పెట్టేసింది. తాను అబద్ధమేమీ చెప్పలేదని మనసులో అనుకుంది. ఇంకోసారి అనుకోవలసి వచ్చింది.

శనివారం పూలకని బయలుదేరి, అక్కరలేని చుట్టు తిరిగి పెద్ద బజారు మీదుగా వెళ్లింది. షోరూములో అమ్మేవాళ్లు ఇద్దరూ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నారు. మామ గాజుబల్ల మీద దుమ్ము లేనిచోట దుమ్ము తుడుస్తున్నాడు. ఆయన తల ఎత్తాడు. ఆమె ఆగి, బాగా కనబడనిచ్చి, తర్వాతే కదిలింది. రెండు మూరలు కొనవలసినచోట నాలుగు మూరల మల్లెలు కొనుక్కుంది.

టీ అంగడి దగ్గర ఎల్లప్పన్ కనిపించాడు. బేరాల్లేవు, దీపావళి తర్వాత మెకానిక్కు అక్కరలేదని ముదలాళి గోపాలకృష్ణన్ చెప్పేశాడట. అది తనకోసం చెప్పినట్టు కాక, వాన వచ్చేలా ఉందన్నట్టు చెప్పి, గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. శాంత గుండెలో ఏదో చివుక్కుమంది. ఆ రోజు తల వంచుకుని స్క్రూ తిప్పినవాడే కదా అని దాన్ని అక్కడే అణిచేసింది.

ఇంక ఆఖరి దెబ్బ మిగిలింది. ఆదివారం కెంపమ్మ వస్తుంది. సంత జనం ఉంటారు. వాళ్ల ముందే కెంపమ్మ పెట్టెను విప్పి, ఉడిగిపోయిన లెన్సును వేలితో చూపించాలి. డిస్కు వల్ల కాదు, పెట్టే నాసిరకం అని కెంపమ్మ చేత చెప్పించాలి. అయితే శాంత చూసుకోకుండా ఏ పనీ చేసే మనిషి కాదు. ఆదివారం పొద్దున్నే అంగడి తెరిచి, షట్టరు మోకాలెత్తు మాత్రం పైకెత్తి, ముందుగా తానొక్కతే విప్పి చూద్దామని కూర్చుంది.

వెనక మూడు, పక్కల రెండేసి స్క్రూలు. ఒకదాని మీద కంపెనీ అతికించిన ఎర్రచుక్క కాగితం చిరగకుండా ఉంది. అంటే ఇంతవరకూ దీన్ని ఎవరూ విప్పలేదు. గోరుతో దాన్ని గీకి, స్క్రూలు తీసి వరసగా సాసరులో పెట్టింది. మూత ఎత్తింది. లోపల సగం ఖాళీయే. ట్రే కింద లెన్సు ఉండాల్సిన చోట తెల్లగా ఏదో ముడుచుకుని ఉంది. బొట్టుపెట్టుకునే పుల్లతో మెల్లగా లాగింది. జిగురు సాగుతూ వచ్చింది.

చిన్న కాగితం. సగం చిరిగింది. దాని మీద నీలం సిరాతో అచ్చువేసిన తన అంగడి పేరులో వెనక సగం, కింద తాను చేత్తో రాసిన డిస్కు నెంబరు.

డిస్కులు వేరే అంగళ్లకు చేరిపోతున్నాయని, ఈ నెలనుంచే ఆమె ప్రతి డిస్కు మీదా పేరున్న స్టిక్కరు అతికించడం మొదలుపెట్టింది. పాపారపట్టిలో అచ్చువేయించి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని, బొటనవేలితో ఒత్తి ఒత్తి తానే అతికించింది. యంత్రం వేడికి జిగురు కరిగి, తిరిగే వేగానికి కాగితం లేచి చిరిగి కింద పడింది. కొంగులో మూటగట్టి తెచ్చిన ముక్కలు సొరుగులోనే ఉన్నాయి. తీసి చూసింది. స్టిక్కరు ముందు సగం ఒక ముక్క మీద ఇంకా అతుక్కునే ఉంది.

దూదికి స్పిరిటు తడిపి లెన్సు తుడిచింది. మూత పెట్టకుండానే ఒక డిస్కు వేసింది. పాట మొదలైంది. ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడింది. శాంత కదలకుండా ఆ పాట మొత్తం విన్నది. ఆపి, స్క్రూలు బిగించి, స్టిక్కరు ముక్కను జాకెట్టులో పెట్టుకుంది. ఎవరికీ తెలియదు. అరలో ఉన్న డిస్కులన్నిటి మీదా స్టిక్కర్లు ఊడదీస్తే సరిపోతుంది. ఆయన విప్పి తెలుసుకుని చెప్పిందేమీ కాదు, కళ్లు మూసుకుని విసిరిన రాయి తగిలింది. దానికి ఆయనను ఎందుకు గెలవనియ్యాలి? అలా అనుకుంటూనే అరలోని మొదటి వరస డిస్కులు తీసి, గోటితో గీకడం మొదలుపెట్టింది.

పదిగంటలకు కెంపమ్మ వచ్చింది. అనుకున్నట్టు జనం ముందు ఏమీ చూపించలేదు శాంత. పెట్టెను ముందుకు జరిపి, "బాగైంది అవ్వా, ఇంటికి ఎత్తుకపో," అంది.

"లోపల ఏం పోయింది?"

"దుమ్ము."

"దుమ్మేనా?" కెంపమ్మ పెట్టె మీద చెయ్యి వేసి నిమిరింది. "దుమ్ముకా నన్ను అంతమంది ముందర పో అనె? విప్పి తుడిచిస్తే పోయేదానికి?" పెట్టెను బల్లమీదే వదిలి, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్లింది. ఆకూవక్కకు వెళ్లిందనుకుంది శాంత.

కాసేపటికి ఎదుటి కాళియన్ పరిగెత్తుకొచ్చాడు. నీళ్ల పైపుకోసం తవ్విన చోట మీ ముసలమ్మ మన్ను ఎత్తుతోంది, జుట్టు విప్పేసింది అన్నాడు.

ఆ పక్క పల్లెల్లో అన్యాయమైపోయినవాళ్లు అన్యాయం చేసినవాడి గడపలో జుట్టు విరబోసుకుని నిలబడి మన్ను పోస్తారు. నీ వంశం నిలవకుండా పోనీ అని మూడు పిడికెళ్లు పోస్తారు. పోసినదాన్ని మళ్లీ ఎత్తడానికి లేదు, తప్పయిందన్నా తిరిగి తీసుకోవడానికి లేదు. శాంత చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

షోరూము మెట్లముందు జనం వలయంగా నిలబడ్డారు. నడుమ కెంపమ్మ, నెరిసిన జుట్టు నడుముదాకా విరబోసుకుని, పిడికిలి బిగించి నిలబడి ఉంది. మామ గడప లోపలే ఆగిపోయాడు. మొహంలో రక్తం లేదు. అమ్మా, ఉండమ్మా, కొత్త పెట్టె ఇస్తానమ్మా అంటున్నాడు, ఇప్పుడు తెలుగులో. కెంపమ్మ వినడం లేదు. షోరూము మేడమీద, వాళ్లింటి వరండాలో షర్మిళ రెండు చేతులా కమ్మీ పట్టుకుని నిలబడింది. పొట్టమీదుగా ఆ పచ్చగాజులు శాంతకు కింద వీధిలోకే కనిపించాయి.

కెంపమ్మ చెయ్యి లేచింది.

శాంత జనాన్ని తోసుకుపోయి ఆ మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి ఇనుములా ఉంది. వదులు అంది కెంపమ్మ.

"పొయ్యద్దు అవ్వా. తప్పు నాది. నీ పెట్టె చెరిపింది నా డిస్కే." అని, అందరికీ తెలియాలని అదే మాటను తమిళంలో మళ్లీ చెప్పింది. జాకెట్టులోంచి కాగితం ముక్క తీసి చూపించింది. ఎక్కడ దొరికిందో, ఎందుకు అతికించిందో, పొద్దున్నుంచి ఎందుకు దాచిందో ఒక్కటీ విడవకుండా చెప్పింది.

మామ మొహంలోకి రంగు మెల్లగా తిరిగి వచ్చింది. గడప దాటి బయటికి వచ్చాడు. విన్నారా, అందరూ విన్నారా, నేను ఆ రోజే చెప్పలేదా అన్నాడు. చెయ్యెత్తి అద్దం మీది ఎర్రరాతల కాగితం వైపు చూపించాడు. శాంత తల దించుకుంది. శుక్రవారం ఆగిపోయిన బొమ్మ సంగతేంటని వెనకనుంచి కాళియన్ అడిగాడు. అన్నా, అది నేను గీత చూసి ఏరి పెట్టిన డిస్కు, నీ పెట్టె మంచిదే అని శాంత చెప్పింది. కాళియన్ ఆమెను ఎగాదిగా చూసి, మొహం తిప్పుకున్నాడు.

కెంపమ్మ మాత్రం పిడికిలి విప్పలేదు. మామ వైపు తిరిగి మామూలు గొంతుతో అడిగింది.

"సామీ, ఆ కాగితం లోపల ఉండేది నీకెట్లా తెలిసె? నువ్వు విప్పలేదే."

జవాబు షోరూము లోపలినుంచి వచ్చింది. ఎల్లప్పన్ తన మూలబల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. ఎవరివైపూ చూడకుండా తమిళంలో చెప్పాడు. రెండు నెలల్లో వెనక్కి వచ్చినవి అరవైకి తక్కువ లేవని, ఒక్కటి కూడా తనను విప్పనియ్యలేదని, అన్నిటికీ బాడుగ డిస్కనే చెప్పి పంపమన్నారని చెప్పాడు.

లోపల బెంచీ మీద ఒడిలో సంచితో ఒకాయన కూర్చుని ఉన్నాడు. హొగేనక్కల్ జలపాతం దగ్గర చేపలు వేయించి అమ్ముకునేవాడు, పెట్టె వెనక్కి ఇవ్వడానికి వచ్చినవాడు. ఆయన లేచి సంచిలోంచి వెండి పెట్టె తీసి ఎల్లప్పన్ బల్లమీద పెట్టాడు. తాను ఇంతవరకూ ఏ డిస్కూ బాడుగకు తేలేదని, తన చెల్లెలి పెళ్లి డిస్కు ఒక్కటే వేశానని అన్నాడు. ఎల్లప్పన్ ముదలాళి వైపు చూడకుండా స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఏడు స్క్రూలు. జనం మెట్లెక్కి లోపలికి తోసుకొచ్చారు. మూత లేచింది. స్టిక్కరు లేదు, దుమ్ము లేదు. లెన్సుకు వెళ్లే సన్నని తీగ ఒకటి, చెన్నైలో కంపెనీవాళ్లు బిగించిన రోజునుంచీ సరిగా అతకక, ఊరికే ఆనుకుని ఉంది. ఎల్లప్పన్ దాన్ని వేలితో తాకితే ఊడి వచ్చింది.

ఎవరూ అరవలేదు. మాదీ విప్పు అని ఒకావిడ అంది. మాదీ ఇంట్లో ఉంది, తెస్తానని ఇంకొకాయన మెట్లు దిగాడు. అతని వెనక మరో ఇద్దరు దిగారు. మామ గాజుబల్లకు ఆనుకుని నిలబడి, ఎవరికీ అడ్డు చెప్పలేదు.

వారంరోజులుగా తాను కోరుకున్నది ఇదే. ఇంతకన్నా ఎక్కువే జరిగింది. శాంత తన లోపల వెతుక్కుంది. సంతోషం కనిపించలేదు. అరికాళ్లు మండుతున్నాయి, అంతే. మేడమీద షర్మిళ కమ్మీ వదిలి నేలమీద కూలబడింది. ఎవరో నీళ్లు పట్టుకెళ్తున్నారు.

"ఇంక ఆ మన్ను కింద పోసేయి అవ్వా," అంది శాంత.

కెంపమ్మ మొదట జుట్టు ముడివేసుకుంది, ఒక్క చేత్తోనే. తర్వాత పిడికిలి విప్పి, చెమటకు ముద్దగా మారిన మన్నును చూసుకుంది. మామను చూసింది, శాంతను చూసింది.

"పొద్దున దుమ్మంటివి," అంది.

కెంపమ్మ పైటకొంగు ముందుకు లాక్కుని, మన్నును అందులో పోసి, దేవుడి మొక్కు కట్టినట్టు గట్టిగా రెండు ముడులు వేసింది.

"ఉండనీ," అంది. "ఇది ఎవురి గడపదో ఇంకా తెలీలేదు."

ముడిని నడుములో దోపుకుని, శాంత అంగడిలో వదిలిన తన పెట్టె తెచ్చుకోవడానికి జనంలోంచి నడిచింది. ఆమెకు దారి ఇవ్వడానికి శాంత ఒక పక్కకు, గడపదాకా వచ్చిన మామ ఒక పక్కకు జరిగారు. ఆమె మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఆ కొంగుముడినే చూస్తూ నిలబడిపోయారు.